తెర అవతల తీసిన ఫోటో

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఉద్యోగం దిగిపోయిన డాక్టర్లకు ఈ సామెత మరీ బాగా అతుకుతుంది. మొన్న ఒక సభలో, మత్తు వైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చుట్టుముట్టి, ఏఐ వచ్చాక మన పని సులువైందా కష్టమైందా మేడం అని అడిగారు. భోజనాల వేళయిందని తప్పించుకున్నాను. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. ఆ ప్రశ్న వినగానే నాకు ఒక ఆడమనిషి బిగుసుకుపోయిన నోరు గుర్తొస్తుంది, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, నా భయాన్ని మాత్రం మార్చలేదు.

నేను పెరిగింది మలక్‌పేటలో, పనిచేసింది పాతబస్తీలోని ఒక సర్కారు ఆసుపత్రిలో. మత్తు డాక్టరంటే సూది వేసి నిద్రపుచ్చే మనిషని జనం అనుకుంటారు. నిద్రపుచ్చడం పెద్ద విద్య కాదు, ఉపన్యాసం ఇచ్చే ప్రతివాడికీ వస్తుంది. నిద్రపోయిన మనిషికి ఊపిరి ఆగకుండా చూడటమే మా పని. నోట్లోంచి నాలుకను పక్కకు తోసి, గొంతు లోపల స్వరతంత్రులు ఎక్కడున్నాయో చూసి, వాటి మధ్యలోంచి గొట్టం దించాలి. పక్కనే అన్నం పోయే దారి ఉంటుంది. గొట్టం అందులోకి పోయిందా, గాలి పొట్టలోకి పోతుంది, మనిషి పైకి పోతాడు.

ఇదంతా జరగాలంటే ముందు నోరు తెరుచుకోవాలి. అందుకే ఆపరేషనుకు ముందు రోజు మేం మంచం దగ్గరికి వెళ్ళి, నోరు తెరిపించి, మూడు వేళ్ళు నిలువుగా పడతాయో లేదో చూస్తాం. మా ఆసుపత్రిలో ఈ పరీక్ష చాలా ముఖ్యం. వక్కలు, గుట్కా ఏళ్ళ తరబడి నమిలినవాళ్ళకు బుగ్గల లోపల చర్మం తోలులా బిగుసుకుపోతుంది. బయటికి ఏమీ తెలియదు, మాట్లాడతారు, నవ్వుతారు. తెరవమంటే మాత్రం ఒక వేలు కూడా పట్టదు. ఎంత మత్తిచ్చినా ఆ బిగుతు వదలదు.

ఇలాంటివాళ్ళ కోసం మా దగ్గర కొసన కెమెరా ఉన్న ఖరీదైన విదేశీ పరికరం ఒకటి ఉండేది. ఉండేది అంటే బీరువాలో ఉండేది. తాళంచెవి మా విభాగం పెద్దసారు దగ్గర, పెద్దసారు మీటింగుల్లో. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? మేం మాత్రం ఆగేవాళ్ళం.

అలాంటి రోజుల్లో సంతోష్‌నగర్ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది, ముప్పై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక టిఫిన్ సంచి. ఆ సంచిలోంచి టిఫిను కాకుండా ఒక సన్నటి వైరు కెమెరా తీసింది. మెకానిక్‌లు ఇంజను లోపలికి దూర్చి చూసుకునే రకం. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసిన మా నాన్న చూసి ఉంటే ముచ్చటపడేవాడు. దానికి ప్లాస్టిక్ పిడి ఒకటి తనే మిషను మీద అచ్చు పోసింది. ముక్కులోంచి పంపడానికి ఇంకా సన్నది ఇంకొకటి, దాని కొస వంగేలా సైకిలు బ్రేకు వైరులాంటి తీగ పెట్టింది. బొమ్మ ఫోనులో పడుతుంది. ఫోనులోని ఏఐ ఆ బొమ్మలో స్వరతంత్రులను వెతికి చుట్టూ పచ్చ గీత గీస్తుంది.

ఆ ఫోను ఇంకో పని కూడా చేస్తుంది. రోగి నోరు తెరిచి ఉండగా ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీస్తే, గొట్టం వేయడం సులువా కష్టమా చెబుతుంది. పచ్చ అంటే సులువు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే కష్టం. ఆసుపత్రి కమిటీ అనుమతి వచ్చింది. మూడు వేళ్ళ పరీక్ష మానకూడదు, ఫోను దానికి తోడు మాత్రమే అని నియమం పెట్టాం. కాగితం మీద అది చక్కటి నియమం.

నేను మొదట్లో ఎగతాళి చేశాను. బొమ్మల దుకాణంలో కొన్నావా అమ్మా అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. కొన్నాళ్ళకు ఆ పచ్చ గీత నా కంటికంటే ముందే సరైనచోట వాలడం చూసి నోరు మూసుకున్నాను. జూనియర్లకైతే మస్తు సంబరం.

అందరికంటే ఎక్కువ సంబరపడింది మా జూనియర్ డాక్టరు. తెలివైనవాడు, మర్యాదస్థుడు. ఆ మర్యాదే కొంప ముంచింది. మా ఆడవాళ్ళ వార్డులో మంచానికీ మంచానికీ మధ్య తెర ఉంటుంది. మగ డాక్టరు తెర బయట నిలబడి అడుగుతాడు, లోపలినుంచి ఎవరో ఒకరు జవాబు చెబుతారు. ఏ మతం వాళ్ళయినా అక్కడ ఇదే మర్యాద. పరాయి ఆడవాళ్ళ నోట్లో వేళ్ళు పెట్టి చూడటం అతనికి ప్రాణసంకటంగా ఉండేది. ఫోను వచ్చాక ఆ బాధ తప్పింది. ఫోనును తెర లోపలికి అందించేవాడు. ఆడవాళ్ళే ఫోటోలు తీసి బయటికి ఇచ్చేవాళ్ళు. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున నేను పక్క థియేటర్లో ఉన్నాను. మా థియేటర్ సిస్టరు ఉద్యోగంలో నాతోపాటు ముసలిదైన మనిషి. ఎంత లొల్లి జరిగినా నడిచే వస్తుంది తప్ప పరుగెత్తదు. అలాంటిది తలుపు తోసుకుని పరుగున వచ్చింది.

"మేడం, నోరు తెర్వస్తలేదు" అంది.

నా కేసు అప్పటికి ముగింపుకొచ్చింది, అక్కడ ఇంకో డాక్టరు ఉన్నాడు. అతనికి అప్పగించి వెళ్ళాను. బల్ల మీద నలభై లోపు మనిషి. గాల్‌బ్లాడర్‌కు చీము పట్టి జ్వరంతో వచ్చింది, ఆ రోజు తీయకపోతే చీము ఒళ్ళంతా పాకుతుంది. నిద్రమందు, కండరాలు వదులు చేసే మందు రెండూ ఎక్కించేశారు. అంటే సొంత ఊపిరి లేదు. జూనియర్ ప్లాస్టిక్ పిడి పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని పెట్టడానికి పళ్ళ మధ్య సందు లేదు. ఫోను తెర మీద గారపట్టిన ముందుపళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

నోరు ముందే చూశావా అని అడిగాను.

"గ్రీన్ వచ్చింది మేడం" అన్నాడు.

మాస్కు పెట్టి బ్యాగు నొక్కుతుంటే ఛాతీ లేవడం లేదు. నాలుక వెనక్కి పడి దారి మూసింది, దాన్ని పైకెత్తడానికి నోట్లోకి ఏదీ పోదు. ఆక్సిజన్ కొలిచే మిషను మోత ఒకటుంటుంది, అంకె దిగేకొద్దీ ఆ మోత బొంగురుపోతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎన్నిసార్లు విన్నా, ఆ మోతకు అలవాటు పడలేదు. నాకు భయం వేసింది. దాచుకోవలసిన అవసరం లేదు. సర్జనును మెడ దగ్గర కోసి దారి చెయ్యడానికి కత్తి సిద్ధం చేసుకోమన్నాను. మెత్తటి రబ్బరు గొట్టానికి జెల్లీ రాసి ముక్కులోంచి గొంతు దాకా దించాను. రెండు చేతులతో దవడ పైకి లాగి మాస్కు అదిమిపట్టాను, సిస్టరు బ్యాగు నొక్కింది. మొదటిసారి ఏమీ కాలేదు. ఇంకా లాగాను. ఛాతీ లేచింది. కాసేపటికి మోత మళ్ళీ సన్నబడింది. సర్జను కత్తి ట్రేలో పెట్టేసిన చప్పుడు అందరికీ వినపడింది.

వదులు మందు కొద్దిసేపే ఉండే రకం కావడం ఆమె అదృష్టం. సొంత ఊపిరి వచ్చేదాకా అలాగే పట్టుకుని, మెలకువ తెప్పించాం. కళ్ళు తెరిచింది. నేనెవరో, తను ఎక్కడుందో చూసుకుంది. ప్రాణం పోయి వచ్చిన మనిషి మొదట ఏమడుగుతుంది? నీళ్ళడుగుతుంది, పిల్లల్ని అడుగుతుంది. ఈమె నా చెయ్యి పట్టుకుని, బిగిసిన పళ్ళ మధ్యనుంచే అడిగింది.

"మా అత్తకు చెప్పిన్రా?"

చెప్పలేదన్నాను. కళ్ళు మూసుకుంది. నేను ఫోను తీసుకుని, ఆమె నంబరు కింద ఉన్న ఫోటో తెరిచాను. పచ్చరంగు ఎలా వచ్చిందో చూద్దామని. ఫోటోలో ఒక ఆడమనిషి బార్లా నోరు తెరిచి ఉంది. తెల్లటి పళ్ళు, వెనక కొండనాలుక దాకా శుభ్రంగా కనబడుతోంది. ముక్కుకు కుడివైపు పెద్ద పుడక. బల్ల మీద ఉన్నామె ముక్కు కుట్టించుకోనేలేదు.

ఫోటోలో ఉన్నది వేరే మనిషి. నేను జూనియర్‌కు ఫోను చూపించాను. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. మిషను తప్పు చెప్పి ఉంటే దాన్ని తిట్టి పారేసేదాన్ని. అది చూసిన నోటి గురించి అది నిజమే చెప్పింది.

ఫోను చేతిలో పట్టుకునే బయటికి వెళ్ళాను. వరండా బెంచీ మీద ఆ ముఖం కూర్చుని ఉంది, ముక్కుపుడకతో సహా. ఒళ్ళో ఫ్లాస్కు. రోగికి తోటికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు. పక్కన అత్తగారు, ఇంచుమించు నా ఈడు మనిషి. వాళ్ళది హుస్సేనీ ఆలంలో తరాలుగా ఉన్న కోమట్ల ఇల్లు, వక్కల హోల్‌సేల్ వ్యాపారం. నేను చిన్నకోడలిని ఒక్కదాన్నే పక్కకు పిలిచి ఫోటో చూపించాను. కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది, తర్వాత చెప్పుకొచ్చింది.

వాళ్ళింట్లో వక్కలు పై అంతస్తు గదిలో ఆడవాళ్ళే ఏరుతారు. పుచ్చువి, మంచివి, పగిలినవి వేరు చేయాలి. అత్తగారి శాసనం ఒకటుంది, అమ్మే సరుకు నోట్లో పెట్టకూడదు. పెద్దకోడలు కొత్తలో నిద్ర ఆపుకోవడానికని ఒక పలుకు వేసుకుంది, అది అలవాటైంది. ఇప్పుడు అన్నం కూడా మెత్తగా పిసుక్కుని తింటుంది. ఫోటోకు నోరు తెరవమనేసరికి హడలిపోయింది. తెరుచుకోదు, తెరుచుకున్నంత మేరా ఎర్రగా నల్లగా ఉంటుంది. ఆ బొమ్మ నలుగురి కంటా పడుతుంది.

"మా ఇద్దరిదీ ఒక్కటే ఒడ్డు మేడం. టైలరుకు ఎప్పుడు జాకెట్లిచ్చినా ఒక్క ఆదే ఇస్తం, నాది ఆమెకు సరిపోతది. మిషన్‌కు గూడ గట్లనే సరిపోతది అనుకున్నం" అంది.

ఆది జాకెట్టు! నేను నిలబడినచోటే గోడకు ఆనుకున్నాను. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఇంజనీరమ్మ ఎన్నో వేల ముఖాలు చూపించి ఆ ఏఐకి చదువు చెప్పింది. ఇలాంటి ప్రేమ ఒకటుంటుందని మాత్రం దానికి చెప్పలేదు, మాకూ తట్టలేదు. అత్తకు చెప్పొద్దని ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకోబోయింది. రోగి గుట్టు బయటపెట్టే హక్కు నాకెటూ లేదు.

అత్తగారి దగ్గరికి వెళ్ళి, నోట్లోంచి గొట్టం వేయడం కుదరలేదు, మెలకువగా ఉంచి ముక్కులోంచి వేస్తాం, ప్రమాదం ఉంది కాని ఆపరేషను ఆపితే ఇంకా ప్రమాదం అని చెప్పాను. బతుకుతదా అని మాత్రం అడిగిందామె. బతికించుకోవాలనే చూస్తున్నాం అన్నాను. తలూపింది.

పెద్దసారుకు కబురు పంపాం, ఆయన నగరం అవతల మీటింగులో ఉన్నారు. బీరువా తాళం ఆయన జేబులో ఉంది. ఇంజనీరమ్మ అప్పటికే వచ్చి జరిగింది విని, మూలన స్టూలు మీద కూలబడిపోయింది. ఆ పచ్చరంగు ఆమె చేసిందే కదా. లేమ్మా, ఏడుపు తర్వాత, నీ సన్న వైరు తియ్యి అన్నాను. అది తప్ప నా దగ్గర వేరే దారి లేదు.

మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి రోగితో మాట్లాడాను. నాకు అంతా తెలుసనీ, ఎవరికీ చెప్పననీ, ఇప్పుడు మాత్రం నాకు అబద్ధం చెప్పొద్దనీ అన్నాను. ఒప్పుకుంది. ముక్కుకు, గొంతుకు తిమ్మిరి మందు కొట్టాం. కెమెరా వైరు మీదుగా గొట్టం తొడిగి ముక్కులోంచి మెల్లగా పంపాను. ఇంజనీరమ్మ ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఫోను కదలకుండా సిస్టరు ఆమె మోచేయి కింద తన చెయ్యి పెట్టింది. బొమ్మంతా గులాబిరంగు, ఉమ్మి బుడగలు. పచ్చ గీత మొదట ఒక బుడగ మీద వాలింది. ఇందాకటి పచ్చను చూసిన కళ్ళు నావి, నేను నమ్మలేదు. ఊపిరి గట్టిగా పీల్చమ్మా అన్నాను. పీల్చింది. బుడగ పగిలింది, బొమ్మ కింది మూలలో స్వరతంత్రుల తెల్లటి అంచులు రెండు తెరుచుకుని మూసుకున్నాయి. నా కన్ను అక్కడికి చేరేలోపే గీత అక్కడికి జారింది. కొస వంచి, ఇంకోసారి పీల్చమని, ఆ రెక్కల మధ్యలోంచి దించేశాను. మానిటరు మీద ఆమె వదిలిన ఊపిరి అలలు అలలుగా కనపడ్డాక అప్పుడు మత్తిచ్చాం.

నేను బిత్తరపోయి ఆ ఫోనునే చూశాను. కాసేపటి క్రితం ఒక మనిషిని చంపబోయిన ఫోనే ఇప్పుడు ఆమెకు ఊపిరి దారి చూపింది. ఆపరేషను సవ్యంగా జరిగింది. కుట్లు వేస్తుండగా తాళంచెవి వచ్చింది. సిస్టరు దాన్ని అందుకుని, ఇప్పుడేంది దీంతో, దిష్టి తీయాల్నా అంది.

జూనియర్‌ను నేను తిట్టలేదు. తిడితే వాడికి తేలికయ్యేది. ఆ మర్నాటి నుంచి వార్డులో తెర పక్కన సిస్టరు ఉండాలనీ, వేళ్ళు ముందు, ఫోను తర్వాత అనీ గట్టిగా అమలు చేశాం. ఇంజనీరమ్మ, ఫోటోలోని ముఖాన్ని రోగి ముఖంతో పోల్చి చూసుకునే ఏర్పాటు చేర్చింది. ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

కుట్లు విప్పే రోజు పెద్దకోడలిని తీసుకుని అత్తగారు వచ్చింది. ఆమెను డ్రెస్సింగు గదిలోకి పంపి, తను నా గదికి వచ్చి కూర్చుంది. కోడలి నోటికి ఇంకో డాక్టరు దగ్గర వైద్యం పెట్టించానని నేను ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. తలుపు దగ్గరికి వేయమంది. తర్వాత నా ముందు నోరు తెరిచింది, తెరవబోయింది. నా చిటికెన వేలు కూడా పట్టలేదు.

నేను అదిరిపడ్డాను. అమ్మే సరుకు నోట్లో పెట్టొద్దని శాసించిన మనిషి ఈమే.

"పెండ్లై వచ్చినకాడి నుంచి ఏరుతున్న. పండ్లు పోయినయని ఇంట్ల చెప్పి, రొట్టె పాలల్ల నానబెట్టుకుంట తింటున్న. కోడలి సంగతి నాకు ఎప్పటిసందో ఎరుకే. దాన్నంటే నాది గూడ బయటపడతది కదా" అంది.

నాకు ఒక అనుమానం వచ్చింది, అడగడానికే భయమేసింది. అడిగాను. ఆ రోజు ఫోటో సంగతి మీకు తెలుసా?

"తెల్వకేంది. పెద్దది ఫోను పట్టుకున్నది, చిన్నది నోరు తెర్చింది. బయటి నుంచి తెర నేనే పట్టుకొని నిలబడ్డ. సందులకెళ్లి చూసిన, వాళ్ళకు తెల్వదు" అంది.

వరండాలో బతుకుతదా అని అడిగినప్పుడు కూడా ఈమెకు అంతా తెలుసు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ పిల్ల చచ్చిపోయేదమ్మా, ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కదా అని అరిచినంత పని చేశాను.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతుంటే కారనిచ్చి, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"గా సారు తెర బయటి నుంచి ఫోనిచ్చి, మిషన్ కోసం ఒక ఫోటో గావాలన్నడు. నోరు తెర్వకపోతే పానం పోతదని మీల ఒక్కరన్న చెప్పిన్రా డాక్టరమ్మా?"

ఆ ఫోటో ఎందుకో జూనియర్ వాళ్ళకు చెప్పలేదు, చెప్పాలన్న మాట మేం రాసుకున్న నియమాల్లోనూ లేదు. అవతల గదిలో కుట్లు విప్పడం అయిపోయి, పోదామా అత్తమ్మా అని పెద్దకోడలు పిలుస్తోంది. అత్తగారు కొంగుతో మూతి మూసుకుని లేచి నిలబడింది.